సుందర మార్గంలో జంట పరుగు

జూబ్లీహిల్స్‌లో ప్రకృతి ఉన్నదని కొండప్రాంత సౌందర్య పరిరక్షణ సమితి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇంతకాలం ఈ సంగతి ఎవరూ గమనించకపోవడం పట్ల విచారం కూడా వ్యక్తం చేసింది. ఉన్న ప్రకృతిని నలుగురికీ చూపించే బాధ్యత తమదేనని, అందుకు పరుగెత్తడాన్ని మించిన సాధనం లేదని, కనుక ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం జూబ్లీహిల్స్ నుంచి ఫిలింనగర్ మీదుగా ఇరవై ఒక్క కిలోమీటర్ల 'సుందర హాఫ్ మారథాన్' జరుగుతుందని సమితి అధ్యక్షురాలు శ్రీమతి శారదాదేవి పత్రికలవారికి తెలియజేశారు. నడుస్తూ చూస్తే ఇంకా బాగా కనబడుతుంది కదా అని ఒక విలేకరి అడిగాడట. అతనికి టిఫిను కూపను ఇవ్వలేదు.

ప్రకటన అయ్యాక, ప్రకృతి ఎక్కడెక్కడ ఉన్నదో చూసి రమ్మని ఒక ఉపసంఘాన్ని పంపారు. ఉపసంఘం కారు అద్దాలు దించకుండా దారంతా పరిశీలించి వచ్చి, ప్రకృతి ఉన్నమాట నిజమేగాని చాలాభాగం ప్రహరీ గోడల లోపల ఉన్నదని నివేదించింది. ఈ కొండల మీద ఒకప్పుడు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు బండరాళ్ళు ఉండేవి. వాటిని పేల్చి, నేల చదును చేసి బంగళాలు కట్టుకున్న పెద్దలే ఇప్పుడు సమితి సభ్యులు. అందుచేత రాళ్ళు లేని లోటు వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అయితే పక్కనే సినిమా పరిశ్రమ ఉండగా లోటు అన్నమాటకు అర్థం లేదు. ఆర్ట్ డిపార్టుమెంటువాళ్ళను పిలిపించారు. వాళ్ళు థర్మకోల్‌తో రాళ్ళు చేసి, బూడిదరంగు వేసి, పైన నాచు కూడా పూశారు. వానపడితే నాచు కారిపోతుంది కనుక ఫిబ్రవరి పెట్టుకోవడమే మంచిదైందని సమితి సంతోషించింది. చెట్లకు స్పీకర్లు కట్టి నెమళ్ళ కూతలు పెట్టారు. ఫిలింనగర్ మలుపులో ఒక జలపాతం ఏర్పాటయింది. దానికి నీళ్ళు వెనకనున్న బస్తీకి రావలసిన ట్యాంకర్‌లోంచి వచ్చాయి.

ఇక మిగిలింది బస్తీ. ఇళ్ళు ఉన్నచోట ఇళ్ళు కనబడటం సౌందర్యానికి భంగమని సమితి అభిప్రాయపడింది. బంగళాలను ఇళ్ళ కింద లెక్కవేయకూడదని అదే సమావేశంలో స్పష్టం చేశారు. బస్తీ పొడవునా రెండు నిలువుల ఎత్తున పరదా కట్టి, దానిమీద కొండలు, జింకలు, సూర్యోదయం చిత్రించారు. బస్తీవాళ్ళకు అటువైపు నుంచి కర్రలు, మేకులు కనిపించేవి. సినిమావాళ్ళ పక్కన బతికేవాళ్ళు కాబట్టి వాళ్ళకు ఇది కొత్త కాదు.

ఇంతవరకూ అన్నీ సజావుగా సాగాయి. చిక్కు మరోచోట వచ్చిపడింది. ఈ ఏటి నినాదం 'స్నేహితుడితో పరుగు' అని శారదాదేవిగారు ఎవరినీ అడగకుండా ప్రకటించేశారు. ఎవరైనా సరే ఒక స్నేహితుడిని వెంట తెచ్చుకోవాలి. ఇద్దరూ కలిసి మొదలుపెట్టి కలిసి ముగించాలి. ఈ మాట వినగానే కొండమీద పెద్ద ఆందోళన చెలరేగింది. వాచీలు కొనగలరు, బూట్లు విదేశాల నుంచి తెప్పించగలరు. స్నేహితుడిని ఇంత తక్కువ వ్యవధిలో ఎక్కడినుంచి తేవడం? కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులను సరఫరా చేసే ఏజెంట్లు ఈ ఆపదలో సమాజాన్ని ఆదుకున్నారు. పెళ్ళి సీనుకు బంధువులను, చావు సీనుకు ఏడ్చేవాళ్ళను పంపిన అనుభవం వాళ్ళకు ఉన్నది. స్నేహితులను పంపడం కష్టం కాలేదు. పొడుగు, పొట్టి, కళ్ళజోడు ఉన్నవాళ్ళు, నవ్వగలిగినవాళ్ళు, వింటున్నట్టు తల ఊపగలిగినవాళ్ళు అని రకాలుగా విడదీసి పంపారు. తల ఊపేవాళ్ళకు గిరాకీ ఎక్కువగా ఉండిందని వినికిడి.

నిర్మాత త్రినాథరావు మాత్రం అద్దె స్నేహితుడిని ఒప్పుకోలేదు. ఆయన స్నేహం మీద సినిమా తీశాడు. అది వచ్చేనెల విడుదల. ఆ సినిమా ప్రచారం, ఈ మారథాన్ ప్రచారం రెండూ చూస్తున్న స్ఫూర్తి అనే అమ్మాయి, "సార్, మీరు ఫ్రెండ్‌తో రన్ చేస్తే కంప్లీట్‌గా కనెక్ట్ అవుతుంది. మంచి ప్రొఫైల్ ఉన్న ఫ్రెండ్‌ని అరేంజ్ చేస్తాను" అన్నది.

"నాకు నిజమైన స్నేహితుడే ఉన్నాడమ్మా" అన్నాడు త్రినాథరావు, కొంచెం గర్వంగా.

స్ఫూర్తి ఆశ్చర్యపోయింది. ఆ ముక్క అన్నాక త్రినాథరావు కూడా ఆశ్చర్యపోయాడు. ఫోన్ తీసి వెదికాడు. అందులో హీరోల మేనేజర్లు, వాస్తు సిద్ధాంతి, థియేటర్ల యజమానులు, ముగ్గురు గుండె డాక్టర్లు ఉన్నారు. రాజబాబు లేడు. ఆఫీసులో అందరినీ అడిగించి, డబ్బింగ్ వాళ్ళ దగ్గర నంబరు సంపాదించాడు.

రాజబాబు, త్రినాథరావు నర్సాపురంలో ఒకే బడిలో చదివారు. సినిమాల్లోకి వెళదామని ఒకే బస్సులో వచ్చి, యూసుఫ్‌గూడలో ఒకే గదిలో ఉన్నారు. తర్వాత త్రినాథరావు కొండెక్కాడు, రాజబాబు యూసుఫ్‌గూడలోనే ఉండిపోయాడు. డబ్బింగ్ చెబుతాడు. సీరియళ్ళలో మామగార్లకు, వేరేభాషల సినిమాల్లో పోలీసులకు, ప్రకటనల్లో నొప్పులు తగ్గినవాళ్ళకు ఆయనదే గొంతు. ఆ గొంతు మీకు బాగా తెలుసు. మనిషి ఎదురైతే పక్కకు తప్పుకుంటారు.

ఫోన్ వచ్చినప్పుడు ఆయన స్టూడియో బయట టీ తాగుతున్నాడు.

"ఒరేయ్ రాజా, నేన్రా త్రినాథ్‌ని."

"ఏ త్రినాథ్ అండీ?"

"నర్సాపురం త్రినాథ్‌ని రా! ఎన్ని త్రినాథ్‌లున్నారేంట్రా నీకు?"

రాజబాబు చేతిలో టీ చొక్కా మీద ఒలికింది. ఆయనకు అది తెలియలేదు.

ఇంటికెళ్ళి భార్య హెలెన్‌కు చెప్పాడు. ఆవిడ బియ్యం ఏరుతూ విన్నది. "ఆదివారం పొద్దున్నే ఆరాధన మానేసి పరుగేంటండీ?"

"స్నేహితుడు పిలిచాడు హెలెన్. ఇన్నేళ్ళ తర్వాత."

"వాళ్ళమ్మాయి పెళ్ళికి మర్చిపోయి, పరుగుకి గుర్తుపెట్టుకున్నారా?"

"పెళ్ళి హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది?"

హెలెన్ ఆయన పాత బూట్లకు కొత్త లేసులు తెచ్చి కట్టింది.

రాజబాబు రోజూ తెల్లవారుజామున యూసుఫ్‌గూడ స్టేడియం చుట్టూ పరుగెత్తడం మొదలుపెట్టాడు. ఒకరోజయినా ఇద్దరం కలిసి సాధన చేద్దామని కబురు పెడితే, సార్‌కు డేట్స్ లేవని స్ఫూర్తి జవాబిచ్చింది. త్రినాథరావు సాధన వేరే పద్ధతిలో సాగింది. ఒక కోచ్‌ను పెట్టుకున్నాడు. కోచ్ ఆయన బరువు చూసి, పరుగు సంగతి తర్వాత ఆలోచిద్దామని, ముందు అన్నం మాన్పించాడు.

ఆ ఆదివారం రానే వచ్చింది. శారదాదేవిగారు తెల్లటి ట్రాక్ సూటు మీద పట్టు శాలువా కప్పుకుని వేదిక ఎక్కారు. "ప్రకృతి మనకు తల్లి వంటిది. తల్లిని చూడటానికి తీరిక దొరకని ఈ రోజుల్లో, కనీసం ఏడాదికొకసారి ఆమె పక్కనుంచి పరుగెత్తి వెళ్ళడం మన కనీస ధర్మం. అలాగే స్నేహం. స్నేహం అనేది…" అని కాగితం తిప్పారు. రెండో పేజీ లేదు. "అందరికీ తెలిసిందే" అని ముగించారు. చప్పట్లు మోగాయి.

తర్వాత మైకులో సూచనలు వినిపించాయి. "సార్లు, మేడమ్‌లు కుడివైపు నిలబడాలి. ఫ్రెండ్స్ అందరూ ఎడమవైపు రావాలి. విజిల్ వేయగానే ఫ్రెండ్స్ తమ సార్ల దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేయవచ్చు. మేడమ్‌ల విషయంలో చిరునవ్వు చాలు." విజిల్ పడింది. భుజాల మీద చేతులు పడ్డాయి. తిరుమలేశ్ అనే జూనియర్ ఆర్టిస్టు ఒక్కడే ఎడమవైపు మిగిలిపోయాడు. అతను స్నేహం చేయవలసిన బిల్డరుగారు నిద్ర లేవలేదు. అతన్ని ఒక పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు.

విజిల్‌కు ముందు రాజబాబు ఎటు నిలబడాలో తెలియక మధ్యలో ఆగిపోయాడు. త్రినాథరావు జనంలోంచి వచ్చి, "ఒరేయ్, ఏం మారలేదురా నువ్వు" అంటూ గట్టిగా కౌగిలించుకున్నాడు. అప్పటికి ఇంకా విజిల్ పడలేదు. కెమెరాలు తిరగలేదు. మళ్ళీ చేయమన్నారు. మళ్ళీ కౌగిలించుకున్నారు. రెండోది మొదటిదంత బాగా రాలేదు గాని వెలుతురు బాగుంది.

పరుగు మొదలైంది. నెమళ్ళు కూస్తున్నాయి. ఒక పెద్ద రాయి దగ్గరికి వచ్చాక త్రినాథరావు, "ఎంత సహజంగా ఉందో చూడరా" అన్నాడు. ఆయన ఇల్లు ఉన్నచోట అంతకు మూడింతల రాయి ఉండేది. దాన్ని పేల్చినప్పుడు నాలుగు వీధుల అవతల కిటికీ అద్దాలు పగిలాయి.

"రాయి సంగతి సరే," అన్నాడు రాజబాబు. "మన మంచి ప్యాంటు గుర్తుందా?"

త్రినాథరావు అడుగు తడబడింది. గదిలో ఉన్న రోజుల్లో ఇద్దరికీ కలిపి ఒక్కటే మంచి ప్యాంటు. ఆఫీసుల చుట్టూ వేషాలకోసం తిరగడానికి ఒకరు అది వేసుకెళితే రెండోవారు లుంగీలో గదిలో కూర్చునేవారు. ఒకరోజు ఇద్దరినీ ఒకేచోటికి రమ్మన్నారు.

"నువ్వు లోపలికెళ్ళొచ్చి, మెట్లకింద విప్పి నాకిచ్చావ్" అన్నాడు త్రినాథరావు.

"వాచ్‌మన్ చూశాడు రా!"

"చూసి, ఏం వేషమో అనుకుని సెల్యూట్ కొట్టాడు!"

ఇద్దరూ నవ్వారు. నవ్వలేక ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నవ్వారు. త్రినాథరావు కళ్ళు తుడుచుకుని, "ఇంత నవ్వి ఎన్నాళ్ళయిందో రా" అన్నాడు. ఆ కాసేపు ఆయన నిర్మాత కాడు, ఈయన గొంతు కాడు. సమితి నినాదం ప్రకారం ఆ రోజు ఆ దారిలో జరిగిన స్నేహం అంతా ఇంతే. అక్కడ కెమెరా లేకపోవడంతో అది రికార్డులకు ఎక్కలేదు.

కెమెరా వెంటనే వచ్చింది. మోటారుసైకిల్ వెనక కూర్చుని స్ఫూర్తి అరిచింది. "సార్, ఎక్స్‌ప్రెషన్ సూపర్! కొంచెం స్పీడ్ పెంచండి. స్లో మోషన్ తీస్తున్నాం!"

త్రినాథరావు పొట్ట లోపలికి లాక్కుని వేగం పెంచాడు. "నెమ్మదిగా రా" అన్నాడు రాజబాబు. వినలేదు. జలపాతం మలుపులో ఆయన ముఖం తెల్లబడింది. ఛాతీ మీద చెయ్యి వేసుకుని రెండడుగులు పక్కకు నడిచి, కుప్పకూలిపోయాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఆగారు. ఈ దారిలో ఎవరు పడిపోయినా షూటింగ్ అనుకోవడం అలవాటు కాబట్టి ఫోన్లు తీశారు. ఒకాయన, "చాలా నేచురల్‌గా పడ్డారు" అని మెచ్చుకున్నాడు. ఒక మేడమ్ తన అద్దె స్నేహితురాలిని పక్కకు లాగి, పడివున్న మనిషి, జలపాతం రెండూ వచ్చేటట్టు సెల్ఫీ తీసుకున్నది.

"అంబులెన్స్! అంబులెన్స్ పిలవండి!" అని రాజబాబు అరిచాడు. పోలీసుల గొంతుగా తెలుగుదేశమంతా విన్న గొంతు అది. ఆ అరుపుకు పదిమంది వెనక్కి తిరిగారు. ఎవరూ కదల్లేదు.

అంబులెన్స్ అక్కడే ఉన్నది. రాజబాబు పరుగెత్తి తలుపు లాగాడు. తలుపు రాలేదు. అది తలుపు కాదు, తలుపు బొమ్మ. అసలు అంబులెన్సుల రంగు సూర్యోదయం పరదాకు నప్పలేదని, సినిమా సామాన్ల గోడౌన్ నుంచి దీన్ని తెప్పించారు. లోపల ఇంజను తప్ప ఏమీ లేదు. "సైరన్ మాత్రం ఒరిజినల్ సార్, వెయ్యమంటారా?" అని డ్రైవరు ఎంతో మర్యాదగా అడిగాడు.

రాజబాబు వెనక్కి వచ్చాడు. స్నేహితుడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. చెమటతో ఒళ్ళు చల్లగా ఉన్నది. "త్రినాథ్, ఒరేయ్, నన్ను చూడరా" అన్నాడు. కనురెప్పలు కదిలాయి గాని మాట లేదు. పరదా వెనకనుంచి గిన్నెల చప్పుడు వినిపించింది. చప్పుడు ఉన్నచోట మనుషులు ఉంటారు. రాజబాబు లేచి, సూర్యోదయాన్ని రెండు చేతులతో పట్టుకుని కిందదాకా చింపేశాడు. మేకులు గీసుకుని మోచేయి నుంచి రక్తం కారింది. త్రినాథరావును భుజాన వేసుకుని, ఆ చిరుగులోంచి అవతలికి వెళ్ళాడు.

అవతల అంతోనమ్మ ఇల్లు. ఆవిడ పొద్దుటిపూట రోడ్డుపక్కన ఇడ్లీలు అమ్ముకునేది. పరదా కట్టినప్పటి నుంచి ఇంట్లోనే ఉంటున్నది. వేసిన వాయి ఎవరికి పెట్టాలా అని చూస్తున్నట్టుగా గుమ్మంలో నిలబడి ఉన్నది.

"అయ్యో, ఏమైంది బాబూ? ఇదిగో, ఈ మంచం మీద పడుకోబెట్టు" అంటూ దుప్పటి తీసేసింది. "నీళ్ళు ఆ బిందెలో ఉన్నవే. ట్యాంకర్ ఇవాళ రాలేదు. పర్లేదు, ముఖం కడుగు."

రాజబాబు ముఖం తడిపాడు, అరికాళ్ళు రుద్దాడు, చొక్కా గుండీలు విప్పాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి ఆటో దొరుకుతుందా అని అడిగితే, రోడ్డు మూసేశారని, టోలిచౌకి వైపు సందులోంచి వెళ్ళాలని అంతోనమ్మ చెప్పి, కనుక్కోవడానికి గుమ్మం దాటబోయింది. అప్పుడు త్రినాథరావు కళ్ళు తెరిచాడు. రాజబాబు చెయ్యి పట్టుకున్నాడు. "ఎక్కడికీ వెళ్ళకురా" అన్నాడు.

"ఎక్కడికెళతాన్రా. ఇక్కడే ఉన్నాను." రాజబాబుకు అంతసేపూ రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

అంతోనమ్మ వెనక్కి వచ్చి ఇద్దరినీ చూసింది. "పొద్దున ఏమన్నా తిన్నావా బాబూ?"

"ఆకుల రసం తాగానమ్మా" అన్నాడు త్రినాథరావు, నేరం ఒప్పుకున్నట్టుగా. "వారం నుంచి అదే."

ఆవిడ పళ్ళెంలో ఇడ్లీలు పెట్టి, పైన చట్నీ పోసింది. త్రినాథరావు లేచి కూర్చుని తిన్నాడు. చట్నీ చొక్కా మీద ఒలికినా చూసుకోకుండా తిన్నాడు. ముఖంలో రక్తం తిరిగి వచ్చింది. తింటూ తింటూ ఆగి, "నువ్వు లేకపోతే పోయేవాణ్ణి రా రాజా" అన్నాడు. "అందరూ ఫోన్లు తీశారు. చూశాన్రా. నోరు పెగల్లేదు గాని చూశాను." ఇది చెప్పినప్పుడు ఆయన గొంతు వణికింది. ఆ వణుకు నిజమైనది. అది ముందే చెప్పడం న్యాయం.

ఎందుకంటే ఆ తర్వాత చిరుగులోంచి స్ఫూర్తి తొంగి చూసింది. "సార్! ఇక్కడున్నారా? థాంక్ గాడ్! ఫినిష్ దగ్గర మీడియా మొత్తం వెయిటింగ్. 'ఉత్తమ స్నేహితులు' అవార్డు శారదా మేడమ్ మీకే అనౌన్స్ చేసేశారు. కార్ అవతల పెట్టించాను. లాస్ట్ బిట్ మాత్రం రన్ చేస్తే చాలు."

"ఆయనకు బాగాలేదమ్మా," అన్నాడు రాజబాబు. "ముందు డాక్టరుకు చూపించాలి."

"ఇప్పుడు బాగానే ఉందిరా" అన్నాడు త్రినాథరావు. లేచి నిలబడి చూసుకున్నాడు. "పద, ఇద్దరం వెళదాం."

స్ఫూర్తి రాజబాబును పైనుంచి కిందిదాకా చూసింది. చొక్కా చిరిగి ఉన్నది. మోచేతి రక్తం ఎండి ఉన్నది. ప్యాంటు నిండా బురద. "సార్, ప్లీజ్, తప్పుగా అనుకోకండి. ఈ గెటప్‌లో ఫ్రేమ్‌కి సెట్ అవ్వరు. హ్యాపీ మూమెంట్ కదా."

త్రినాథరావు స్నేహితుడి వంక చూశాడు. నేల వంక చూశాడు. వాచీ వంక చూశాడు. మూడింట్లో వాచీ ఆయనకు తోవ చూపించింది. "రాజా, అయిదు నిమిషాల్లో వచ్చేస్తాను. నువ్విక్కడే ఉండు. ఎక్కడికీ వెళ్ళకు" అన్నాడు. ఇందాక అన్నమాటే. ఈసారి కళ్ళలోకి చూడలేదు.

ముగింపు రేఖ దగ్గర తిరుమలేశ్ ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. అతన్ని లేపి త్రినాథరావు పక్కన నిలబెట్టారు. "నేను వేరే సారుకు దోస్తుగ వచ్చిన మేడం. గీయనకు ఎట్ల పోతా?" అని అతను అడిగాడు. ఏజెంటు కళ్ళెర్ర చేసేసరికి పరుగెత్తాడు. ఇద్దరూ చేయీచేయీ పట్టుకుని రేఖ దాటారు. పూలు చల్లారు. 'ఉత్తమ స్నేహితుల' మెడలు వంగాయి, పతకాలు పడ్డాయి.

నెమళ్ళ కూతలు వచ్చిన స్పీకర్లలోంచే ఉపన్యాసాలు దారంతా వినిపించాయి. అంతోనమ్మ గుమ్మంలో కూర్చున్న రాజబాబు కూడా విన్నాడు.

"స్నేహమంటే పోస్టర్ మీద పేరు కాదు," అంటున్నాడు త్రినాథరావు. "కష్టంలో భుజం ఇచ్చేవాడే స్నేహితుడు. ఇవాళ దారిలో నాకు ఒంట్లో బాగాలేకపోతే నన్ను మోసుకొచ్చిన నా ప్రాణమిత్రుడు, మా నర్సాపురం రాజా… ఇదిగో, నా పక్కనే ఉన్నాడు!"

చప్పట్లు చాలాసేపు మోగాయి. రాజబాబు తల వంచుకుని విన్నాడు. వాటిలో తన వాటా ఎంతో ఆయనకు తోచలేదు.

అయిదు నిమిషాలు మధ్యాహ్నమయ్యాయి. రాజబాబు లేచి, "అమ్మా, సూదీ దారం ఉన్నాయా? పరదా కుట్టి వెళతాను. లేకపోతే మీ మీదకొస్తారు" అన్నాడు.

అంతోనమ్మ చిరుగు వైపు చూసింది. అక్కడినుంచి ఎండ ఒక పట్టీలాగా లోపలికి వచ్చి మంచం కోడు మీద పడుతున్నది. "కుట్టకు బాబూ. ఇన్నాళ్ళకి ఇంట్లోకి వెలుతురొచ్చింది" అన్నది.

అప్పటికి తిరుమలేశ్ వెదుక్కుంటూ వచ్చాడు. మెడలో పతకం లేదు. ఫోటోలు అయిపోగానే సామాన్లవాళ్ళు తీసేసుకున్నారు. "అన్నా, రాజా అంటే మీరేనా? నా పేరు తిరుమలేశ్ అని చెప్తుంటే మైక్ బంద్ చేసిండ్రు. జర మాఫ్ చెయ్యుండ్రి."

"నువ్వేం చేశావయ్యా."

"యూసుఫ్‌గూడేనంట గదా మీది? నాది గాడనే. బండి మీద కూసోండ్రి, దింపుత." దారిలో చెక్‌పోస్టు దాటాక అతను అన్నాడు. "మీ దోస్తు ఉరికేటప్పుడు నా చెయ్యి గట్టిగ పట్టుకుండు అన్నా. చెయ్యి వణుకుతుండె. భయపడ్డడు పాపం. మీరే ఉన్నరనుకుండో ఏమో."

రాజబాబు ఇంటికెళ్ళాక హెలెన్ ఏమైందని అడగలేదు. మోచేతికి పసుపు రాసి, చొక్కా నానబెట్టింది.

తర్వాతి సమావేశంలో సమితి పరదా చిరుగును తీవ్రంగా ఖండించింది. గుడ్డ వల్ల ప్రకృతికి రక్షణ లేదని తేలినందున, బస్తీ ముందు శాశ్వతంగా గోడ కట్టి దానిమీదనే సూర్యోదయం వేయించాలని తీర్మానించింది. గోడ ఇప్పుడు పూర్తయింది. చూసి రావచ్చు. సూర్యుడు చాలా బాగా వచ్చాడు. అంతోనమ్మ ఇంట్లో పగలే దీపం వేసుకుంటున్నది.

అదే సమావేశంలో మారథాన్ వీడియో చూశారు. ముగింపు దగ్గర స్నేహితుడు కెమెరాకు చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. తిరుమలేశ్ తనకు వచ్చిన తెలుగులో చెప్పాడు: "నువ్వు పడితే లేపనీకి నేనున్న గదరా." సభ్యులు మొహమొహాలు చూసుకున్నారు. ఈ యాస డ్రైవరుకు, రౌడీకి, నవ్వించేవాడికి బాగానే ఉంటుంది గాని ప్రాణమిత్రుడికి నప్పదని శారదాదేవిగారు సున్నితంగా అభిప్రాయపడ్డారు. డబ్బింగ్ చెప్పించాలని నిర్ణయమయింది. ఎవరైతే బాగుంటుంది అనగానే స్ఫూర్తి ఒక పేరు చెప్పింది.

"వెళ్ళకండి" అన్నది హెలెన్.

"పని హెలెన్" అన్నాడు రాజబాబు.

స్టూడియోలో మైకు ముందు నిలబడ్డాడు. తెరమీద త్రినాథరావు, తిరుమలేశ్ చేయీచేయీ పట్టుకుని వస్తున్నారు. త్రినాథరావు చొక్కా మీద చట్నీ మరక ఉండాలి. కంప్యూటర్‌లో తుడిచేశారు. తిరుమలేశ్ పెదాలు కదిలాయి. రాజబాబు చెప్పాడు. "నువ్వు పడిపోతే ఎత్తుకోవడానికి నేనున్నాను కదరా."

అద్దం అవతలి ఇంజనీరు, "సార్, అదిరింది. కానీ ఏడుస్తున్నట్టుంది. హ్యాపీగా ఒకటి ఇవ్వండి" అన్నాడు. రాజబాబు హ్యాపీగా ఒకటి ఇచ్చాడు.

ఆ సాయంత్రం త్రినాథరావు ఫోన్ చేశాడు. ఆ ఆదివారం తర్వాత ఇదే మొదటిసారి. సంతోషంతో గొంతు పొంగిపోతున్నది. "రాజా, చూశాన్రా! ఏం చెప్పావురా, ప్రాణం పెట్టేశావ్! ఒట్టేసి చెబుతున్నా, కళ్ళు మూసుకుని వింటే నిజంగా నువ్వే నా పక్కన ఉన్నట్టు అనిపించింది రా!"

ఏ పాత్ర నోటికైనా మాట అందించగలిగిన మనిషికి, తన నోటికి ఒక్కటీ అందలేదు. "ఉంటాన్రా" అని పెట్టేశాడు.

ఆ వీడియో మీరు చూసే ఉంటారు. ఒకటిన్నర నిమిషం ఉంటుంది. చివర్లో కళ్ళు చెమర్చాయని మీలో చాలామంది కింద రాశారు. చూసినవెంటనే 'నీలాంటి ఫ్రెండ్ ఉండటం నా అదృష్టం' అని ఎవరికో ఒకరికి పంపించి కూడా ఉంటారు. పంపింది ఎవరికో నేను అడగను. ఆ మనిషి గొంతు మీరు చివరిసారి ఎప్పుడు విన్నారని అయితే అసలే అడగను. వీడియోలు పంపుకునేవాళ్ళ మధ్య అంత చనువుగా ప్రశ్నలు వేసుకోకూడదు, మర్యాద కాదు.